సికింద్రాబాద్ విచారణ పుస్తకాల్లో మా ముత్తవ్వ

మా తాతయ్యకు ఆరేళ్లప్పుడే వాళ్లమ్మ పోయింది. ఆవిడ పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ముత్తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడని మాత్రం చెప్పుకునేవాళ్లు. ఆ పేరు మా వాళ్ల విచారణ, అంటే క్యాథలిక్ చర్చి, పుస్తకాల్లో ఉంటుందేమోనని అత్తయ్యా నేనూ వరంగల్లులో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం.

ముందు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లాం. నిజాం రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. ఇంగ్లండ్‌లో అయితే వందేళ్లు దాటిన జనగణన కాగితాల్లో ఇంటింటి పేర్లూ చూసుకోవచ్చు. ఇక్కడ మనకు దొరికేవి నివేదికలే, వాటిలో ఉండేవి అంకెలే. రాజ్యం జనాభా 1911లో సుమారు కోటీ 33 లక్షలు, 1921కి కోటీ 24 లక్షలు. పదేళ్లలో పెరగాల్సింది పోయి తగ్గింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అంతమందిని తీసుకుపోయింది.

మధ్యాహ్నం మా వాళ్ల పాత విచారణకు వెళ్లాం. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం కాబట్టి ఫాదర్ గారు పుస్తకాలు తీసి ఉంచారు. రాత అంతా లాటిన్‌లో ఉంది. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పుస్తకంలో బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (ఆ వేళ బిడ్డ తరఫున నిలబడేవాళ్లు), గురువు (ఫాదర్) సంతకం ఉంటాయి. ఇంటిపేర్లు చాలాచోట్ల లేవు. ఒకే పేరున్న పిల్లలు ఎందరో! ఇలాంటప్పుడు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లే ఆధారం. బంధువులనో, పక్కింటివాళ్లనో నిలబెడతారు కదా.

1912 పుటల్లో ఒకచోట అత్తయ్య వేలు ఆగింది. "ఈ జ్ఞానతండ్రి పేరు చూడమ్మా. నాన్న సెలవులకు ఈయనింటికే పోయేవాడు!"

పై వరుసలో తల్లి పేరుంది. ముందు ఇంట్లో అందరికీ చెప్పాలి, అందుకే ఇక్కడ రాయడం లేదు.

తర్వాత సమాధుల పుస్తకం అడిగాం. 1918 అక్టోబరు దగ్గర వరుసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పసిపిల్లలు, బాలింతలు, ఒకే ఇంటివాళ్లు వెంటవెంటనే. పొద్దున చూసిన అంకెలో తగ్గినవాళ్లు వీళ్లే. వాళ్లలో మా ముత్తవ్వ, వయసు 26. అత్తయ్య చాలాసేపు ఏడ్చింది. నవంబరు 2న, ఆత్మల పండుగనాడు, ఆమె పేరున పూజ చెప్పమని ఫాదర్ గారిని అడిగింది.

తాతయ్య జ్ఞానస్నానం పద్దు పక్కన, అంచులో, ఆయన పెళ్లి వేరే విచారణలో జరిగిందని రాసి ఉంది. నాయనమ్మ పుట్టింటివాళ్ల కోసం ఇక అక్కడికి ఉత్తరం రాయాలి.