చీకటి చాలక ఎర్రబడని మొక్క

డిసెంబరు రాగానే నర్సరీల ముందు వరసగా పెట్టి అమ్మే ఎర్ర ఆకుల పొట్టి మొక్క మీరు చూసే ఉంటారు. పేరు పాయిన్‌సెట్టియా, చాలామంది క్రిస్మస్ మొక్క అంటారు. మూడేళ్ల కిందట కడియపులంక నర్సరీలకు వెళ్లినప్పుడు నేనూ ఒకటి కొన్నాను. జానెడున్నర ఎత్తు ఉంటుందేమో, పైన పళ్లెంలా పరుచుకున్న ఎర్రటి ఆకులు. హైదరాబాద్ దాకా కారులో ఒళ్లోనే పెట్టుకుని తెచ్చుకున్నాను. సంక్రాంతి దాటాక ఒక్కో ఆకూ రాలడం మొదలై ఫిబ్రవరికి ఉత్త పుల్లలు మిగిలాయి. ఎక్కువమంది ఈ దశలోనే చెత్తలో వేసేస్తారు. దయచేసి వేయకండి, అది చావలేదు.

నేను ఉంచుకున్నాను. వానాకాలానికి గుబురుగా, చక్కటి పచ్చగా పెరిగింది. ఇక డిసెంబరు కోసం ఎదురుచూశాను చూడండి, డిసెంబరు వచ్చింది, వెళ్లింది, ఒక్క ఆకు కూడా రంగు మారలేదు. ఎరువు తక్కువైందేమో అని వర్మీకంపోస్ట్ వేశాను, ఎండ చాలలేదేమో అని కుండీ జరిపాను, ఊళ్లో ఉన్న పిన్నికి ఫోన్ చేసి మరీ అడిగాను. జనవరిలో ఒకరోజు నీళ్లు పోస్తూ వెనక్కి వంగి చూస్తే, గోడవైపు నక్కి ఉన్న ఒకే ఒక్క కొమ్మ చివర నాలుగు ఆకులు ఎర్రగా ఉన్నాయి! అదే మొక్క, అదే కుండీ, అదే నీళ్లు. వీధివైపు ఉన్న కొమ్మలన్నీ మాత్రం పచ్చగానే ఉన్నాయి. తలెత్తి చూస్తే మా బాల్కనీకి ఎదురుగా, తెల్లవార్లూ వెలిగే వీధి దీపం. అప్పటికిగానీ నాకు సంగతి అర్థం కాలేదు.

ఈ మొక్క ఎరుపెక్కేది ఎండకి కాదు, ఎరువుకి కాదు, చీకటికి. మనం పువ్వు అనుకునే ఎర్ర రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వులు వాటి మధ్యలో పసుపుపచ్చ పూసల్లా ఉంటాయి, దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో పూసకి పక్కన చిన్న పెదవిలాంటిది, అందులో తేనె బొట్టు కనిపిస్తాయి. సెప్టెంబరు చివర్లో రాత్రీ పగలూ సమానమై, అక్కణ్ణించి రాత్రులు పెరుగుతూ పోతాయి కదా, ఆ పెరుగుదలని మొక్క ఆకులతో కొలుచుకుని పూతకి సిద్ధమవుతుంది, ఆ పూతతోపాటే చుట్టూ ఆకులు రంగెక్కుతాయి. మధ్యలో కాసేపు వెలుతురు పడినా దాని లెక్క చెడిపోతుంది, రాత్రి ఇంకా పొట్టిదే అనుకుంటుంది. పుట్టిల్లు మెక్సికో. అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ 1828 ప్రాంతంలో తన దేశానికి తీసుకెళ్లాడు, అందుకే ఆయన పేరు వచ్చింది. మనకి మాత్రం ఇది మరీ పరాయిది కాదు, ఆముదానికి చుట్టం, కాడజెముడుకి ఇంకా దగ్గర చుట్టం. కొమ్మ తుంచితే కారే తెల్లటి పాలు చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ ఏడాదే అక్టోబరు ఒకటి నుంచి అట్టపెట్టె పద్ధతి మొదలుపెట్టాం. వాషింగ్ మెషీన్ వచ్చిన పెట్టె దాచి ఉంచాను, సాయంత్రం ఐదున్నరకి మొక్క మీద బోర్లించడం, పొద్దున్న ఏడున్నరకి తీసేయడం. అంటే పద్నాలుగు గంటల కటిక చీకటి, రోజూ, ఎనిమిది నుంచి పది వారాలు. సాయంత్రాలు నేను ఆఫీసులోనే ఉంటాను కాబట్టి ఆ పని అత్తయ్య తీసుకున్నారు, ఎంత శ్రద్ధగా చేశారంటే పెళ్లికి వెళ్లిన రోజు కూడా ముందే పెట్టె బోర్లించి వెళ్లారు. నేను ఫోన్ చేస్తే "దాన్ని నిద్రపుచ్చేశానమ్మా, నువ్వు టెన్షన్ పడకు" అనేవారు. నవంబరు రెండో వారంలో పైఆకుల ఈనెలు ముందు ఎర్రబడ్డాయి, ఆకు ఇంకా పచ్చగానే ఉంది, ఈనెలు మాత్రం ఎర్రదారంతో కుట్టినట్టు. తర్వాత ఆ ఎరుపు పక్కలకి పాకింది. డిసెంబరు పదికల్లా మొత్తం మొక్క! ఆ రోజు ఇద్దరం బాల్కనీలోనే కాఫీ తాగాం.

పగలు మాత్రం మంచి వెలుతురు ఉండాలి, రోజంతా చీకట్లో ఉంచితే ఆకులు రాల్చేస్తుంది. మీ ఇంటి మీద వీధి దీపం పడకపోతే పెట్టె అక్కర్లేదు, రాజమండ్రిలో మా పిన్ని పెరట్లో చీకటి మూలన ఉన్న మొక్క దానంతటదే ఎర్రబడుతుంది. కాకపోతే అక్కడ అక్టోబరు రాత్రులు కూడా ఉక్కగా ఉంటాయి కాబట్టి మాకంటే ఆలస్యంగా. రాత్రి వేడి ఎక్కువైతే రంగు వెనకపడుతుంది.

ఇక పొట్టిగా, గుబురుగా ఉంచడం. కొన్నప్పుడు మొక్క అంత ముద్దుగా ఉండటానికి ఒక కారణం, నర్సరీల్లో ఎత్తు పెరగకుండా మందు వాడతారు. ఇంటికొచ్చాక ఆ మందు ప్రభావం పోతుంది, వదిలేస్తే మనిషెత్తు పొద అవుతుంది. అందుకని మార్చిలో ధైర్యం చేసి నాలుగైదు అంగుళాలు ఉంచి మిగతాదంతా కత్తిరించాలి. నాకు మొదటిసారి చేతులు రాలేదు, కానీ కత్తిరించిన చోట్ల రెండేసి మూడేసి చిగుర్లు వచ్చాయి. జూన్ నుంచి ప్రతి కొమ్మా నాలుగైదు ఆకులు వేయగానే కొస గిల్లేయాలి, ఆఖరి గిల్లుడు సెప్టెంబరు మొదటి వారానికి అయిపోవాలి. ఆ తర్వాత గిల్లితే రంగు రావాల్సిన కొసనే తీసేసినట్టు. పాలు కంట్లో పడకుండా చూసుకోండి, చేతులకి దురద పెడుతుంది, గ్లవ్స్ మంచిది. ముట్టుకుంటేనే ప్రమాదమనేంత విషం కాదు గానీ, చిన్నపిల్లలకీ పిల్లులకీ అందకుండా పెట్టడమే మేలు.

నేను చూసినంతలో ఈ మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు ఎక్కువై. కొన్నప్పుడు కుండీ చుట్టూ తళతళలాడే కాగితం చుట్టి ఇస్తారు, అడుగున నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి, ఇంటికి రాగానే తీసేయండి. కుండీలోకి ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ సమపాళ్లలో, గుప్పెడు ఇసుక. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు. ఏప్రిల్, మే ఎండలకి గ్రీన్ నెట్ కిందకి మార్చాలి. పిండినల్లి, తెల్లదోమ వస్తే లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి.

ఇవాళ సెప్టెంబరు ఆఖరు. మీ బాల్కనీలో పోయినేటి మొక్క పచ్చగా నిలబడి ఉంటే ఈ రాత్రి ఒకసారి లైట్లన్నీ ఆపి చూడండి, దాని నీడ గోడ మీద కనిపిస్తే దానికి పెట్టె కావాలి. మా పాత పెట్టె వానకి నాని చిరిగింది, కింద కిరాణా కొట్లో బిస్కెట్ల పెట్టె అడిగి తెచ్చాను. అత్తయ్య దాన్ని తలమీదికెత్తుకుని, లోపలికి వెలుతురు వచ్చే సందులు వెతికి టేపు అంటిస్తున్నారు.