రెండు బుట్టలు, ఒక సంచి: ఇంటి చెత్తను వేరుచేయడంలో నా రెండేళ్ల అనుభవం

2023 జనవరిలో ఒక ఉదయం చెత్త తీసుకువెళ్లే ఆటో మా వీధిలోకి వచ్చినప్పుడు, నేను ఎప్పటిలాగే నల్లటి ప్లాస్టిక్ సంచికి ముడివేసి తీసుకువెళ్లి ఇచ్చాను. ఆటో వెంట వచ్చిన ఆమె ఆ ముడి విప్పి, లోపల చెయ్యి పెట్టి, అన్నం మెతుకులు అంటుకున్న పాల ప్యాకెట్లను ఒక గోతంలోకి, కూరగాయల తొక్కలను మరొక పీపాలోకి వేరుచేయసాగింది. అంతలోనే ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. ముందురోజు రాత్రి మా వంటింట్లో పగిలిన ఊరగాయ సీసా పెంకు ఆమె వేలికి గుచ్చుకుంది. నేను కంగారుగా కన్నడంలో ఏదో చెప్పబోతే, ఆమె తెలుగులోనే, "గాజుపెంకులుంటే కాగితంలో చుట్టి, చేతికిచ్చి చెప్పల్లమ్మా. దీంట్లో చెయ్యి పెట్టేది మేమే గదా" అంది. కోపంగా అనలేదు. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, తరువాతి ఇంటికి వెళ్లిపోయింది.

ఆమెది కదిరి పక్క పల్లె అని తరువాత తెలిసింది. బెంగళూరు వీధులను శుభ్రం చేసే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవారే. మాది మదనపల్లె. కె.ఆర్.పురం దగ్గర ఆరేళ్లుగా కాపురం ఉంటూ, మా ఇంటి చెత్తను రోజూ ముట్టుకునే మనిషి మా భాష మనిషేనని తెలుసుకోవడానికి ఆమె వేలు తెగవలసి వచ్చిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

చెత్తను వేరుచేయాలన్న నియమం అప్పటికే పాతది. కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో బెంగళూరు నగరానికి 'రెండు బుట్టలు, ఒక సంచి' పద్ధతిని తప్పనిసరి చేసింది. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, శానిటరీ ప్యాడ్లు, డైపర్ల వంటివాటికి ఎర్ర బుట్ట, కాగితం, ప్లాస్టిక్, గాజు, లోహం వంటి పొడి చెత్తకు మళ్లీ మళ్లీ వాడుకునే సంచి ఉండాలని చెప్పింది. బుట్టలోపల ప్లాస్టిక్ కవరు పరచకూడదు. ఆటో వచ్చి 'హసి కస, ఒణ కస' అని కేక వేసినప్పుడల్లా తడి, పొడి అన్న ఆ రెండు కన్నడ మాటలు మా చెవిన పడుతూనే ఉన్నాయి. అయినా అంతా కలిపి ఒకే సంచిలో ఇచ్చాము. మదనపల్లెకు వెళ్లేటప్పుడు మేము ఎక్కే బస్సు పాత మద్రాసు రోడ్డు మీదుగా హొసకోట వైపు పోతుంది. ఆ దారికి ఎంతో దూరంలో లేని మండూరులోనే ఒకప్పుడు నగరం చెత్తను గుట్టలుగా పోసేవారు. ఆ దుర్వాసనకు, పాడైన నీళ్లకు తాళలేక ఊరివాళ్లు లారీలను అడ్డుకుని నిలబడితే, 2014 చివరలో అక్కడ చెత్త వేయడం ఆగింది. అంతకు ముందు నగరం చెత్త పోసిన మావళ్లిపుర కథా అంతే. తడి చెత్త ప్లాస్టిక్‌తో కలిసి గాలి ఆడని గుట్టలో కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది, నల్లటి ఊట భూమిలోకి దిగుతుంది. అదే తొక్కను గాలి తగిలేటట్టు కుళ్లబెడితే ఎరువవుతుంది. రెండింటికీ తేడా మన వంటింట్లో, సంచికి ముడి వేసే ముందే నిర్ణయమవుతుంది.

ఆ వారమే రెండు బుట్టలు, ఒక సంచి కొన్నాను. మొదటి నెల ఏమీ సరిగా సాగలేదు. తడి బుట్టను సింకు కింద, పొడి సంచిని వెనుక బాల్కనీలో, ఎర్ర బుట్టను స్నానాలగదిలో పెట్టాను. మా అబ్బాయి బిస్కెట్ కాగితాన్ని, మావారు టీ పొడి ప్యాకెట్‌ను దగ్గరగా ఉన్న బుట్టలోనే వేసేవారు. నేను రోజూ గొణుక్కుంటూ వాటిని ఏరి తీసేదాన్ని. ఒకరోజు ఆలోచించగా తప్పు వాళ్లది కాదని, అమరికదని అర్థమైంది. కూర తరిగే చోటికీ బాల్కనీకీ మధ్య పన్నెండు అడుగుల దూరం ఉంది. రోజుకు ఇరవైసార్లు ఎవరు నడుస్తారు? పొడి సంచిని తెచ్చి తడి బుట్ట పక్కనే గోడకు కొక్కెం కొట్టి వేలాడదీసిన తరువాత, ఎవరికీ చెప్పే అవసరం పది రోజుల్లో సగానికి పైగా తగ్గింది.

పాల ప్యాకెట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నందిని పాల ప్యాకెట్‌ను మేము మూల కత్తిరించి, ఆ చిన్న ముక్కను ఎక్కడో పారేసేవాళ్లం. అంత చిన్న ముక్కను ఏరేవాళ్లు ఉండరు, అది మట్టిలోనో కాలువలోనో కలిసిపోతుంది. ఇప్పుడు మూలను పూర్తిగా తెగకుండా కోస్తాము. పాలు పోసుకున్నాక ప్యాకెట్‌లో కాసిని నీళ్లు పోసి గలకరించి, ఆ నీళ్లను కరివేపాకు కుండీలో పోసి, ప్యాకెట్‌ను బట్టలు ఆరేసే తీగకు క్లిప్పు పెట్టి ఆరబెడతాము. కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్‌కే ధర ఉంటుందని, పాలు పులిసి కంపుకొట్టేదాన్ని ఎవరూ కొనరని మా వార్డులోని పొడి చెత్త కేంద్రంలో పనిచేసే అతను చెప్పాడు. మెరుపు కాగితంలా ఉండే చిప్స్ ప్యాకెట్లను కరిగించి మళ్లీ వస్తువు చేయడం కష్టమని, వాటిని సిమెంటు కర్మాగారాల బట్టీలకు పంపుతారని కూడా అతనే చెప్పాడు. ఆ మాట విన్న తరువాత చిప్స్ ప్యాకెట్లు మా ఇంటికి రావడమే తగ్గింది.

ఇక తడి చెత్త. రెండు వారాలు తూచి చూస్తే, నలుగురున్న మా ఇంట్లో రోజుకు ఎనిమిది వందల గ్రాముల దాకా తడి చెత్త, రెండు వందల గ్రాముల లోపు పొడి చెత్త వచ్చాయి. బరువులో ఎక్కువ భాగం తొక్కలూ, తొడిమలూ, మిగిలిన అన్నమే. దాన్ని ఇంట్లోనే ఎరువు చేద్దామని ఒకదానిపై ఒకటి నిలిచే మూడు మట్టికుండల సెట్టు తెచ్చాను. బెంగళూరులో పూనం బీర్ కస్తూరి 2006లో మొదలుపెట్టిన డైలీ డంప్ సంస్థ ఇటువంటి మట్టి పాత్రలను నగరవాసులకు బాగా పరిచయం చేసింది. పై కుండలో రోజూ చెత్త వేసి, దానిపై కొబ్బరి పొట్టు చల్లుతూ ఉంటే, నిండిన కుండ కిందికి దిగి, ఖాళీ కుండ పైకి వస్తుంది.

మార్చిలో మొదలుపెట్టాను. పదకొండో రోజుకు కుండ మూత తీస్తే ముక్కు మండేటంత ఘాటు, అడుగున నల్లటి నీళ్లు, అంచుల వెంబడి పాకే లావైన తెల్ల పురుగులు. పక్క ఫ్లాటువారు వాసన వస్తోందని తలుపు తట్టి చెప్పారు. అది పుచ్చకాయల కాలం. తొక్కలన్నీ అందులోనే వేశాను, పెరుగన్నం కూడా వేశాను, కొబ్బరి పొట్టు మాత్రం ఖర్చని పిడికెడుతో సరిపెట్టాను. అంతా తీసి పారేద్దామని అనుకుంటూ ఉండగా, మదనపల్లె నుంచి వచ్చిన మా అత్తయ్య కుండలో చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీసి గట్టిగా పిండారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. "పెంటకు తేమ గావాల గానీ నీళ్లు గాదమ్మా. పిండితే చుక్క రాకూడదు, ఇప్పితే ముద్ద నిలవాల. ఎండాకు ఎయ్, తిరగెయ్" అన్నారు. వాళ్ల ఇంటి వెనక పెంటదిబ్బ ఉండేది. పేడ, చెత్త, పశువులు తినగా మిగిలిన గడ్డీగాదం అంతా దానిలోకే పోయి, తొలకరికి ముందు బండ్లకెత్తి చేనికి తోలేవారు. నేను పుస్తకాల్లో చదివి, కర్బనం ఇరవై అయిదు నుంచి ముప్పై పాళ్లకు నత్రజని ఒక పాలు ఉండాలని కాగితం మీద రాసుకున్న లెక్క, ఆమె పిడికిట్లో ఎప్పటినుంచో ఉంది. ఎండుటాకులో, కొబ్బరి పొట్టులో కర్బనం ఎక్కువ. పచ్చి తొక్కల్లో, వండిన పదార్థాల్లో నత్రజని ఎక్కువ. రెండోది మించితే అది అమ్మోనియాగా మారి ముక్కుకు తగులుతుంది.

కానీ ఎండుటాకు ఎక్కడిది? మా వీధిలో కానుగ చెట్లు ఆ నెలల్లోనే ఆకు రాలుస్తాయి. ఊడ్చి కుప్ప చేసిన ఆ ఆకును కొందరు రోడ్డు పక్కనే తగలబెట్టేవారు, ఆ పొగ మా ఇంట్లోకే వచ్చేది. కదిరి అక్కను అడిగితే, తగలబెట్టే ముందే రెండు గోతాల ఆకు మా గేటు దగ్గర పెట్టించింది. కుండలోని ముద్దనంతా పాత గోనెపట్టా మీద పరచి, ఆకు కలిపి, రెండు చెంచాల పుల్ల మజ్జిగ చల్లి మళ్లీ నింపాను. మూడో రోజుకు ఘాటు పోయింది. ఆ తెల్ల పురుగులు కుట్టేవీ కరిచేవీ కావని, చెత్తను తినే ఒక జాతి నల్ల ఈగ పిల్లలని తెలిసి వాటిని అలాగే వదిలేశాను, అవి చెత్తను మాకంటే వేగంగా తినేశాయి. ఇప్పటికి మా నియమం స్థిరపడింది: ఒక గిన్నె చెత్తకు ఒక గిన్నె నలిపిన ఎండుటాకు, నాలుగు రోజులకొకసారి తిరగవేయడం, పులుసు, పెరుగు, నూనె మాత్రం లోపలికి రానివ్వకపోవడం. జూన్ మొదటి వారంలో మొదటి ఎరువు దింపాను. వాన పడిన మట్టి వాసన వచ్చింది. దాన్ని వేసిన కుండీల్లో మేము నాటకుండానే టమాటా మొక్కలు మొలిచాయి.

నిమ్మ, బత్తాయి తొక్కలు మాత్రం కుండలో నిదానంగా కుళ్లుతాయి కనుక వేరుగా తీసి, ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు కలిపి ప్లాస్టిక్ డబ్బాలో మూడు నెలలు పులియబెడుతున్నాను. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి తీయాలి, లేకపోతే డబ్బా ఉబ్బుతుంది. వడకట్టిన ఆ నీటిని స్నానాలగది నేల కడగడానికి వాడుతున్నాము.

మా అపార్టుమెంటులో ఇరవై నాలుగు ఇళ్లున్నాయి. సంఘం సమావేశంలో ఈ విషయం ఎత్తినప్పుడు వచ్చిన మొదటి అభ్యంతరం వాసన గురించే, అది న్యాయమైన అభ్యంతరమే కనుక వాదించలేదు. మా కుండనే కిందికి తెచ్చి మూత తీసి చూపించాను. తొమ్మిది ఇళ్లవారు చేరారు. వెనుక గోడ పక్కన ఇనుప జాలీతో ఆకు నిలవచేసే గూడు కట్టించాము. మిగిలినవారిలో చాలామంది కనీసం వేరుచేసి ఇస్తున్నారు. ముగ్గురు నలుగురు ఇప్పటికీ కలిపే ఇస్తున్నారు, మాటలతో వాళ్లను మార్చలేకపోయాను.

ఆఫీసులో నాకు కంట పడినవి టీ కప్పులు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ కప్పులు, స్పూన్లు, స్ట్రాల వంటివి నిషేధమైన తరువాత మా అంతస్తులో కాగితపు కప్పులు వచ్చాయి. వాటి లోపలి పూత కూడా ప్లాస్టిక్కే కనుక అవి మామూలు కాగితంతో కలిసి పునర్వినియోగానికి పోవు. మేము నూట అరవై మందిమి. ఒక వారం చెత్తడబ్బాల దగ్గర లెక్కపెడితే రోజుకు మూడు వందలకు తగ్గలేదు. నేను, మరో ఇద్దరు స్టీలు గ్లాసులు తెచ్చుకున్నాము. అది మా ముగ్గురి దగ్గరే ఆగిపోయింది. కారణం అడిగితే అందరూ ఒకటే చెప్పారు: కడగడానికి చోటు లేదు, ఉన్న సింకు చేతులు కడిగేది. అప్పుడు పరిపాలన విభాగానికి కప్పులకయ్యే నెల ఖర్చును, ఒక సింకు, గ్లాసులు ఆరబెట్టే చట్రం పెట్టించే ఖర్చును పక్కపక్కన రాసి ఇచ్చాను. అయిదు నెలలు పట్టింది. సింకు వచ్చింది, గ్లాసులు కడిగే ఆమెకు ఆ పనికి అదనంగా జీతం ఇవ్వాలని కూడా రాయించాము. మన మంచి అలవాటు మరొకరి నెత్తిన జీతంలేని పనిగా పడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

నీటి విషయంలో మమ్మల్ని 2024 వేసవి మార్చింది. బోరు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఆ మార్చిలో జలమండలి, తాగే నీటితో కార్లు కడిగితే అయిదు వేల రూపాయల జరిమానా అని ప్రకటించింది, కొళాయిలకు గాలి కలిపి ధారను తగ్గించే ఏరేటర్లు బిగించమంది. మేము బిగించాము. నీటి శుద్ధి యంత్రం వదిలేసే నీటిని బకెట్‌లో పట్టి ఇల్లు తుడుస్తున్నాము, ఉప్పు ఎక్కువగా ఉంటుంది కనుక మొక్కలకు పోయము. ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2023 మార్చిలో కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ మధ్య మెట్రో మొదలైనప్పటి నుంచి స్కూటీని వారానికి ఒక్కరోజే తీస్తున్నాను.

ఇప్పుడు కదిరి అక్క మా సంచిలో చెయ్యి పెట్టి వెతకదు, నేరుగా గోతంలోకి వంచేస్తుంది. గాజు ఉంటే కాగితంలో చుట్టి, ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, చేతికే ఇస్తాము. వారానికి రెండుసార్లు మాత్రమే ఇచ్చేది ఉంటోంది. ఇంకా దారి దొరకనివి మాత్రలు అయిపోయిన రేకులు. అత్తయ్య బీపీ, షుగరు మాత్రల వల్ల అవి వారానికి ఏడెనిమిది పోగవుతాయి. అల్యూమినియం, ప్లాస్టిక్ అతుక్కుని ఉన్న ఆ రేకులను విడివిడిగా అయితే ఎవరూ తీసుకోరు. ఒక కిలో అయ్యాక తెమ్మని, పంపే చోటు వెతుకుతానని పొడి చెత్త కేంద్రం అతను అన్నాడు. ఫ్రిజ్ మీద పాత హార్లిక్స్ సీసాలో వాటిని వేస్తున్నాము, నిన్న తూచితే నాలుగు వందల గ్రాములున్నాయి.