టోక్యో పిల్లుల దగ్గరకి వెళ్ళే ముందు

ఆదివారం, శ్రీకాకుళం.

పొద్దుట్నుంచీ ముసురు. భోజనాలయ్యాక స్నేహితురాలు నోటు పుస్తకం పట్టుకుని వచ్చింది. వచ్చే నెల ఇద్దరం కలిసి టోక్యో వెళ్తున్నాం. వీసా, టిక్కెట్లు, హోటలు అన్నీ కుదిరాయి. తను పట్టుబట్టి జాబితాలో రాయించినది ఒకటే, జంతువులుండే కెఫే. వాళ్ళ అత్తగారికి ఆ మాట చెప్తే, "ఏటమ్మా, పిల్లిని సూడ్డానికి టిక్కెట్టా? సేపల బజారుకెల్తే ఎన్ని కావాలంటే అన్ని" అన్నారట. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. మన పెరట్లోకి అడక్కుండా వచ్చే పిల్లి కోసం అక్కడ గంటకింత అని కడతారు. టోక్యోలో అద్దె ఇళ్ళలో చాలావాటికి పెంపుడు జంతువులు కూడదన్న షరతు ఉంటుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకి పిల్లిని తాకే అవకాశమే దొరకదు. ఈ పద్ధతి మొదలైంది మాత్రం జపాన్‌లో కాదు, తైవాన్ రాజధాని తైపేలో, 1998లో. అక్కడికి వెళ్ళిన జపాన్ యాత్రికులు ఇష్టపడ్డారు. 2004లో ఒసాకాలో జపాన్ మొదటి పిల్లి కెఫే తెరిచారు. తర్వాత టోక్యోలో వీధివీధికీ వచ్చాయి.

తన ఫోన్‌లో దాచుకున్న పేర్లు చూశాను. పిల్లులు, గుడ్లగూబలు, నీటికుక్కలు, హెడ్జ్‌హాగ్ అనే చిట్టి ముళ్ళపందులు, బుల్లి పందులు. పశువుల ఆసుపత్రిలో పనిచేసేదాన్ని కాబట్టి వద్దనుకున్నవి జాబితాలోంచి నన్నే కొట్టేయమంది. ఒక్క ప్రశ్న పెట్టుకుని కొట్టుకుంటూ పోయాను: మనిషి వద్దనుకున్నప్పుడు ఆ జంతువు లేచి వెళ్ళిపోగలదా?

గుడ్లగూబ వెళ్ళలేదు. కాళ్ళకి తోలు పట్టీ, పట్టీకి తాడు, తాడు కర్రకి. ఎక్కువ జాతులు రాత్రి తిరిగేవి. పగలు అవి కదలకుండా కూర్చోవడం మచ్చికకి గుర్తు కాదు, శత్రువు కంట పడకుండా దాక్కునే తీరు అది. గదిలో పదిమంది వచ్చి తల నిమురుతున్నా బొమ్మలా ఉందంటే, ఒప్పుకుందని కాదు, పారిపోయే దారి లేక అలా ఉందని. దాని చెవులు చీకట్లో గడ్డి కింద ఎలక కదిలితే పట్టుకునేంత చురుకైనవి. అలాంటి చెవుల పక్కన కెమెరా చప్పుళ్ళు, నవ్వులు, తలుపు గంట. కొట్టేశాను.

నీటికుక్క కూడా అంతే. మన కోరింగ మడ అడవుల్లో ఉండేవాటికి దగ్గరి చుట్టమే, కాకపోతే కెఫేల్లో పెట్టేది చిన్న గోళ్ళ జాతి. కుటుంబంగా గుంపులో బతికే ప్రాణి, నీళ్ళు లేనిదే గడవదు. పెంపకం పేరుతో అడవుల నుంచి దొంగతనంగా పట్టుకెళ్ళడం పెరిగిపోయి, 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే జాబితాలోకి ఈ జాతిని చేర్చారు. ముళ్ళపంది రాత్రి జీవి, పైగా చర్మానికి తామర, చేతికి సాల్మొనెల్లా అంటించగలదు. దక్షిణ కొరియా ఈ విషయంలో గట్టిగా నిలబడింది. జంతు ప్రదర్శనశాలలు కాని చోట్ల అడవి జంతువుల్ని చూపించడాన్ని 2023 డిసెంబరు నుంచి చట్టంతో ఆపింది. అప్పటికే నడుస్తున్నవాటికి 2027 చివరి దాకా గడువిచ్చింది. రకూన్ (కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుండే అడవి జంతువు) కెఫేలకి పేరు మోసిన దేశం ఆ పని చేసిందంటే నాకు నిజంగా సంతోషం. బుల్లి పందులు కొంతవరకు నయం, పెంపుడు జాతే. అయితే ఒళ్ళో పట్టేది పిల్లగా ఉన్నన్నాళ్ళే, తర్వాత పెరుగుతుంది. అందుకే ఎప్పుడు చూసినా పిల్లలే కనిపించే చోట, పెరిగినవి ఎక్కడికి పోతున్నాయని అడగాలి.

మిగిలింది పిల్లి. పిల్లి అయితే అల్మరా ఎక్కి మనల్ని వదిలేస్తుంది. అలా ఎక్కే అల్మరా ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

షాపుల ఫొటోలు పెద్దవి చేసి చూడ్డం నేర్పాను. గోడ మీద మనిషి చెయ్యి అందనంత ఎత్తులో పలకలు ఉండాలి. సిబ్బంది గదిలోకి పిల్లి మాత్రమే దూరే చిన్న కన్నం ఉండాలి. మంచినీళ్ళ గిన్నెలు ఒక్కచోటే కాకుండా గదంతా ఉండాలి. మల విసర్జన పెట్టెలు కస్టమర్లు కూర్చునే చోటికి దూరంగా, పిల్లులకి సరిపడా ఉండాలి. ఇంట్లో పెంచేవాళ్ళకి చెప్పే లెక్క పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ. లోపలికి అడుగుపెట్టగానే ముక్కు పట్టుకోవలసి వస్తే ఆ లెక్క తప్పిందనే అర్థం. పిల్లుల కళ్ళు, ముక్కులు కారుతున్నా, రెండుమూడు తుమ్ముతున్నా జలుబు వైరస్ గదంతా తిరుగుతున్నట్టే, డబ్బు పోయినా బయటికొచ్చేయడం మంచిది.

జపాన్‌లో మనకి సాయపడేది ఇంకోటుంది. జంతువుల్ని ప్రదర్శించే ప్రతి షాపూ స్థానిక ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి, అయిదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. నమోదు సంఖ్య, గడువు తేదీ, బాధ్యత వహించే వ్యక్తి పేరు ఉన్న బోర్డు కనపడేలా పెట్టాలి. ఫోన్ కెమెరాలో అనువాదం పెట్టి గడువు తేదీ చదువుకోవచ్చు. కుక్కల్నీ పిల్లుల్నీ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే జనానికి చూపించాలి. ఏడాది నిండిన పిల్లులకి, కెఫే లాంటి చోట్ల, రాత్రి 10 దాకా మినహాయింపు. ఒక్కో పనివాడికి 30 పిల్లులకి మించకూడదన్న నియమం కూడా వచ్చింది. కాబట్టి రాత్రి తొమ్మిదింటికి చిన్న కూనలు గదిలో తిరుగుతుంటే ఆ షాపు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వీధి నుంచి తెచ్చిన పిల్లుల్ని ఉంచి, నచ్చినవాళ్ళకి పెంచుకోవడానికి ఇచ్చే కెఫేలు వేరుగా ఉన్నాయి. వెతికేటప్పుడు 'హోగో నెకో' (జపనీస్‌లో కాపాడి తెచ్చిన పిల్లి) అని కొట్టమన్నాను. జాతి పిల్లుల ముచ్చట్లు తక్కువ, తోకలు తెగినవి, ఒంటి కన్నువి ఉంటాయి. మన డబ్బు వెళ్ళవలసింది వీళ్ళకే అని నా గట్టి అభిప్రాయం. తను కూడా వాటిలోంచే ఒకటి ఎంచుకుంది.

ఇక మనవైపు నుంచి సర్దుకోవలసినవి. ఇక్కడ మనవాళ్ళు తడబడేది మేజోళ్ళ దగ్గర. గుమ్మంలో చెప్పులు విప్పించి, మేజోళ్ళు లేనిదే లోపలికి రానివ్వని షాపులు చాలా. మనం చెప్పుల్లో బయల్దేరతాం. నూలు జత ఒకటి చేతిసంచిలో పెట్టుకోవాలి, పల్చని నైలానువైతే గోరు తగిలి చిరుగుతాయి. చున్నీ వద్దు, ఊగే అంచు చూస్తే ఏ పిల్లయినా దూకుతుంది. జుంకాలు, మువ్వల పట్టీలు, గాజులు హోటల్లో వదిలేయాలి. ఉన్ని బట్టలకి వెంట్రుకలు పట్టేసి వదలవు, నున్నటి నూలు ప్యాంటు మేలు.

అన్నిటికన్నా నేను నొక్కి చెప్పింది తలనొప్పి బామ్ గురించి. విమానం దిగి తలపోటుతో బామ్ రాసుకుని, అవే వేళ్ళు పిల్లి ముందు పెడితే అది నాకుతుంది. బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేట్‌ని, కర్పూరాన్ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. మనిషికి ఏమీ కానిది దానికి విషం. నొప్పి తగ్గించే పూతలన్నిటికీ ఇదే మాట. సెంటు కూడా మానేయాలి. లోపలికి వెళ్ళేముందు చేతులు సబ్బుతో కడగమంటారు, మొక్కుబడిగా కాకుండా మోచేతి దాకా కడగాలి.

లోపల చేయవలసింది చాలా తక్కువ, అదే కష్టం. కింద కూర్చోవడం మనకి అలవాటే కాబట్టి ఒక మేలు ఉంది, బాసింపట్టు వేస్తే ఒడి తయారు. ఒడి మీద వేసుకోవడానికి దుప్పటి ఇస్తే తీసుకోవాలి, దిగేటప్పుడు గోళ్ళు తొడలో దిగవు. నీళ్ళ గిన్నెకీ మల పెట్టెకీ దారిలో కూర్చోకూడదు. కిటికీ పక్కన, గోడకి ఆనుకుని కూర్చుంటే పిల్లికి మన వెనకనుంచి భయం ఉండదు. కళ్ళలోకి గుచ్చి చూడకూడదు, అది వాటికి పోట్లాటకి పిలుపు. కళ్ళు సగం మూసి, మెల్లగా రెప్ప వేసి, పక్కకి చూడాలి. ఇలా చేసినవాళ్ళ దగ్గరకి పిల్లులు ఎక్కువగా వస్తాయని ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో పరిశోధించి చూపించారు కూడా.

వచ్చిందనుకో, వేలు దాని ముక్కుకి సమానమైన ఎత్తులో ఆపాలి, మీద నుంచి చెయ్యి దించకూడదు. వాసన చూసి బుగ్గ రుద్దితే అప్పుడు గడ్డం కింద, చెవి మొదట్లో, బుగ్గ మీద నిమరాలి. మూడుసార్లు నిమిరి ఆపాలి. మళ్ళీ తల తోస్తే ఇంకో మూడు, తోయకపోతే చాలనుకున్నట్టు. తోక నిలువుగా ఎత్తి, కొస కొంచెం వంచి వస్తే స్నేహం. తోక నేలకేసి కొడుతున్నా, చెవులు పక్కలకి వాలినా, వీపు చర్మం అలలా వణికినా చెయ్యి తీసేయాలి. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే నమ్మకమే కానీ పొట్ట ముట్టుకోమని కాదు, ముట్టుకుంటే నాలుగు కాళ్ళతో చెయ్యి పట్టేస్తుంది. పట్టేసినప్పుడు చెయ్యి లాక్కోవడం వల్లే గాయం లోతవుతుంది. లాగకుండా వదులుగా ఉంచితే రెండు మూడు క్షణాల్లో అదే వదిలేస్తుంది. గుర్రుగుర్రుమంటే సంతోషమనే అనుకుంటాం, నొప్పితో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది, మిగతా ఒంటి తీరు చూసుకోవాలి.

ఎత్తుకోవడం చాలాచోట్ల నిషేధం. పడుకున్నదాన్ని లేపకూడదు, పిల్లి రోజులో పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రపోతుంది. ఒళ్ళో ఎక్కాక మన సమయం అయిపోతే సిబ్బందిని పిలవాలి, వాళ్ళే దించుతారు.

చికెన్ ముద్ద గొట్టాలు అక్కడ అమ్ముతారు, ఒక్కోటి 14 గ్రాములు. స్నేహితురాలు అయిదు కొందామంది. లెక్క వేసి చూపించాను. నాలుగు కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 కేలరీలు కావాలి, చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదు, అంటే 20. గొట్టానికి ఆరేడు. ఒక పిల్లి రోజంతటికీ మూడు గొట్టాలతో సరి, ఆ మూడూ పొద్దున వచ్చిన ముగ్గురే పెట్టేసి ఉంటారు. గది నిండా ఊబకాయపు పిల్లులు కనిపిస్తే కారణం ఇదే. ఇద్దరికీ కలిపి ఒక్కటి, అదీ సిబ్బంది చూపించిన పిల్లికే. పాలు మాత్రం అడక్కూడదు, పెద్దయిన పిల్లులకి చాలావాటికి పాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి.

గీరితే ఏం చేయాలి అని తనకి భయం. జపాన్‌లో 1957 తర్వాత ఆ దేశపు జంతువుల్లో రేబిస్ లేదు. అయినా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పిల్లి కోర సూదిలా దిగుతుంది, పైన చుక్కే కనిపించినా లోపల సూక్ష్మజీవి మిగిలిపోతుంది. ఒక్కరోజులో వాచి ఎర్రబడితే డాక్టరు దగ్గరకి వెళ్ళాలి, యాంటీబయాటిక్ కావాలి. రెండు మూడు వారాలకి చంకలో బిళ్ళ కట్టి జ్వరం వస్తే పిల్లి గీరిన సంగతి చెప్పాలి, లేకపోతే డాక్టరుకి తట్టదు. వాళ్ళ తమ్ముడు బ్యాంకాక్ వెళ్తాట్ట, అక్కడ సంగతి వేరు. థాయ్‌లాండ్‌లో రేబిస్ ఉంది. పిల్లి కెఫేలో అయినా సరే, కరిచినా రక్తం వచ్చేలా గీరినా అదే రోజు టీకా మొదలుపెట్టాలి. కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28వ రోజులు. మొదటిది అక్కడే, మిగిలినవి ఊరొచ్చి వేయించుకోవచ్చు, చీటీ జాగ్రత్తగా తెచ్చుకోవాలి.

తనకి దుమ్ము పడదు, తుమ్ములొస్తాయి. పిల్లి ఎలర్జీ వెంట్రుకల వల్ల కాదు, దాని ఉమ్మిలో, చర్మపు నూనెలో ఉండే మాంసకృత్తు వల్ల. ఒళ్ళు నాక్కున్నప్పుడు అది వెంట్రుకలకి అంటి, ఎండి గాల్లోకి లేస్తుంది. కాబట్టి ముఖానికి చెయ్యి పెట్టుకోకూడదు. బయటికి రాగానే ముఖం కడిగి, హోటల్‌కి వెళ్ళగానే బట్టలు కవర్లో కట్టేయాలి. ఆ బట్టలతో మంచం మీద పడుకుంటే రాత్రంతా తుమ్ములే. ఉబ్బసం ఉంటే ఇన్హేలర్ జేబులో ఉండాలి, సంచి లాకర్లో పెట్టించేస్తారు.

చివరికి బుకింగ్ చేసేటప్పుడు అరగంట చాలంది. నేను గంట పెట్టించాను. కొత్తవాళ్ళు రాగానే మొదటి పావుగంట పిల్లులు పట్టించుకోవు, అరగంటకి అప్పుడే దగ్గరకొస్తాయి, అప్పుడే గంట కొట్టేస్తారు. మంగళవారం, షాపు తెరిచే వేళకి. మధ్యాహ్నం వెళ్తే అన్నీ నిద్రలోనే ఉంటాయి, శని ఆదివారాలు జనం ఎక్కువ.