భోగి నాడు మొదలుపెట్టిన సంక్రాంతి థీమ్

మా కంప్యూటర్ తెరకు సంక్రాంతి కళ తీసుకురావడానికి నిజంగా పట్టిన సమయం ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల దాకా రావడానికి మాత్రం భోగి నుంచి ముక్కనుమ మర్నాటి వరకు ఆగవలసి వచ్చింది.

హైదరాబాదులో ఉంటున్న మా అబ్బాయి నిరుటి పండుగ ఫొటోలు 18 ఏరి మెయిల్‌లో పంపాడు. మా ఎంవీపీ కాలనీ వీధి ముగ్గులు, రామకృష్ణా బీచ్‌లో గాలిపటాలు, గుమ్మం ముందు తలూపుతున్న గంగిరెద్దు అన్నీ ఉన్నాయి. వాటిని ఒక ఫోల్డర్‌లో దించుకుని, సెట్టింగ్స్‌లోని పర్సనలైజేషన్‌కు వెళ్లి, బ్యాక్‌గ్రౌండ్ దగ్గర స్లైడ్‌షో ఎంచుకోమన్నాడు.

భోగిమంట దగ్గర నుంచి వచ్చిన చుట్టాలంతా వెనక మూగి ఉండగా ఆ పేజీ తెరిచాను. మీటలన్నీ వెలిసిపోయినట్టు బూడిద రంగులో ఉన్నాయి. ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ముందు విండోస్‌ను యాక్టివేట్ చేయాలని, అంటే అది లైసెన్సుతో కొన్నదేనని రుజువు చేయాలని, పైన ఒక వాక్యం మాత్రం ఉంది. అదే మాట తెర కింది కుడి మూలన నీడలాంటి అక్షరాల్లో రెండేళ్లుగా కనిపిస్తూనే ఉంది. టీవీలో చానల్ గుర్తులాగా అదీ ఉండవలసిందే కాబోలనుకుని నేను దాని జోలికి పోలేదు. ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు ఒక్క చూపు చూసి, "మావయ్యా, ఇది దొంగ విండోస్" అని అందరూ వినేలా అన్నాడు. ముప్పై ఏళ్లు ఊరందరి బిల్లుల్లో తప్పులు పట్టిన ఆడిటర్ని, బావగారి ఎదుట సగం కొరికిన అరిసెతో నోట మాట రాక నిలబడిపోయాను. వాడే జాలిపడి, గంగిరెద్దు ఫొటో మీద మౌస్ కుడి మీట నొక్కి ఆ ఒక్క బొమ్మను తెరకు పెట్టాడు. యాక్టివేట్ కాని విండోస్‌లోనూ అంతవరకు కుదురుతుందట. రంగులు, స్లైడ్‌షో మాత్రం కుదరవు.

బీరువాలోంచి బిల్లు తీస్తే "సాఫ్ట్‌వేర్‌తో సహా" అని రాసి ఉంది కానీ, లైసెన్సు ఊసే లేదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కనుక, కొట్టు తెరిచే దాకా ఆగి వెళ్లాను. "అందరికీ ఇదే వేస్తాం సార్, మీరొక్కరే అడుగుతున్నారు" అని అక్కడి కుర్రాడు నన్నే తప్పుపట్టాడు. కంప్యూటర్ కొనేవారు కొట్టులోనే యాక్టివేషన్ పేజీ తెరిపించి చూసుకోండి. టీ తెప్పిస్తామన్నా కుర్చీలోంచి లేవకండి.

చివరికి మరోచోట సొంత డబ్బుతో లైసెన్సు కొన్నాను. ఐదేసి చొప్పున ఐదు గుంపులుగా ఉన్న 25 అక్షరాల కీలో 8కీ బీకీ తేడా తెలియక రెండుసార్లు తప్పు కొట్టి, భూతద్దం పెట్టుకుని మూడోసారి గెలిచాను. ఆపైన ఫోల్డర్ చూపించి, బంతిపువ్వు రంగు ఎంచుకుని, 30 నిమిషాలకు మారే బొమ్మను ఒక నిమిషానికి తగ్గించి, థీమ్‌ను "సంక్రాంతి" పేరుతో భద్రపరిచాను. దానిని పంచుకునే ఫైలుగా మార్చి మేనల్లుడికి పంపింది కూడా నేనే, ఎవరి సాయమూ లేకుండా.

ఇప్పుడు గంగిరెద్దు వచ్చినప్పుడల్లా నా చూపు కింది కుడి మూలకే పోతోంది. అక్కడ ముగ్గు చుక్కలు తప్ప మరేమీ లేవు.