ట్యాబ్‌కి గ్లాస్ వేయాలా, వద్దా?

కొత్త ట్యాబ్ వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే పాట: "ముందు గ్లాస్ వేయించు." నాకేమో ఆ నున్నటి స్క్రీన్ మీద ఇంకేదీ అంటించబుద్ధి కాలేదు.

తాళంచెవులతో గీతలు పడతాయని భయపెడతారు గానీ, తాళంచెవుల్లోని ఇత్తడి స్క్రీన్ గాజు కంటే మెత్తన. అసలు శత్రువు ఇసుక. అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం, గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో 7, స్క్రీన్ గాజు దాదాపు 6. బ్యాగు అడుగున చేరిన ఒక్క రేణువు చాలు, వెలుతురుకి వంచి చూస్తే వెంట్రుకంత గీత. అన్నట్టు, గ్లాసు ప్యాకెట్ల మీద గొప్పగా వేసే '9హెచ్' ఈ కొలమానం కాదు, పెన్సిల్ గట్టిదనం లెక్క. దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు.

స్టైలస్‌తో బొమ్మలు వేస్తాను కాబట్టి ముందు పేపర్‌లాంటి మ్యాట్ ఫిల్మ్ వేసి చూశా. పెన్ను జారకుండా భలే పట్టు దొరికింది. కానీ తెల్లటి పేజీ మీద సన్నటి మిలమిల, అక్షరాల అంచులు మసక. పైగా ఆ గరుకుకి పెన్ను మొన త్వరగా అరుగుతుంది. రాత్రిపూట చదవబోతే చిరాకు. పీకేశా.

చివరికి నా ఓటు మామూలు టెంపర్డ్ గ్లాస్‌కే. కింద పడితే అంచులకు కవరే దిక్కు. దుమ్ము పడకుండా అంత పెద్ద గ్లాస్ అంటించే ఓపిక మాత్రం నాకు లేదు, తమ్ముడికి అప్పజెప్పా.