అరవై దాటితే ముసలి కుక్కని కూడా ఇవ్వరా? నా అనుభవం

నా ముసలి కుక్క గౌరి ఇంటికొచ్చేసింది. కోపం ఇంకా చల్లారకముందే ఇది రాస్తున్నాను. తిరుపతిలో నాలాగా రిటైరై ఒంటరిగా ఉండేవాళ్ళు షెల్టర్ నుంచి కుక్కని తెచ్చుకోవాలనుకుంటే పనికొస్తుంది.

కుక్కపిల్ల వద్దనుకున్నాను. దానికి రోజంతా ఆటకావాలి, నాకు పక్కన కూర్చునే తోడు కావాలి. ఊరి బయట ఒక షెల్టర్‌కి వెళ్తే ఎంచుకోవడం ఇట్టే అయిపోయింది. మిగతావన్నీ జాలీ మీదికి ఎగబడి మొరుగుతుంటే, తెల్లమచ్చల దేశవాళీ కుక్క ఒకటి నింపాదిగా వచ్చి నా మోకాలికి నుదురు ఆనించి నిలబడింది. పళ్ళు చూసి 9 ఏళ్ళు ఉండొచ్చన్నారు. "వచ్చినోళ్ళంతా పిల్లల కాడికే పోతారు మేడమ్, దీన్ని ఎవురూ అడగరు" అంది అక్కడ పనిచేసే ఆమె.

ఆధార్ జిరాక్స్, ఇంటి ఫోటోలు ఇచ్చాను. ఫారం నింపాను. అందులో నా వయసు చూడగానే అక్కడి వాలంటీరమ్మాయి ముఖం మారిపోయింది. "ఆంటీ, మీకు 64 కదా, మీ తర్వాత దీన్ని ఎవరు చూస్తారు?" అంది. అడగాల్సిన ప్రశ్నే, తప్పు లేదు. జవాబు చెప్పబోతుంటే వినకుండా హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి నంబర్ తీసుకుని, అందరి ముందూ స్పీకర్ పెట్టి, "మీ అమ్మగారు కుక్క కావాలంటున్నారు, మీరు ఒప్పుకుంటున్నారా సార్?" అని అడిగింది. పక్కన కుక్కపిల్ల కోసం వచ్చిన ఒక జంట నన్నే చూస్తున్నారు. వాడు పాపం మీటింగ్‌లో ఉన్నట్టున్నాడు, "అమ్మ ఇష్టమండీ, నన్నెందుకు అడుగుతున్నారు?" అన్నాడు. అది చాల్లేదు. అరవై లోపు వయసుండి ఇదే ఊళ్ళో ఉండేవాళ్ళెవరైనా హామీ సంతకం పెడితేనే ఇస్తామంది. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పాను, ఎంతమంది పిల్లల సర్టిఫికెట్ల మీద నా సంతకం ఉందో లెక్కే లేదు. నా కుక్కకి నా సంతకం చాలదట! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక కూడా ఆగలేదు.

అసలు గౌరి అక్కడికెలా వచ్చిందో తెలుసా? బెంగళూరుకి ట్రాన్స్‌ఫర్ అయిందని ఒక కుర్ర జంట గేటు దగ్గర వదిలేసి పోయారట. వాళ్ళ సంతకానికి హామీ ఎవరు పెట్టారు? "మీ తర్వాత ఎవరు" అని అడిగేటట్టయితే ముప్ఫై ఏళ్ళవాళ్ళనీ అడగాలి. ఉద్యోగం మారినా, పిల్లలు పుట్టినా, ఇల్లు మారినా కుక్కని వదిలించుకునేది వాళ్ళే. నేను ఈ ఊరు వదిలి ఎక్కడికీ పోను.

చివరికి కొర్లగుంటలో మందుల షాపు నడిపే నా పాత స్టూడెంట్ విషయం వినగానే షాపు మూసి వచ్చాడు. "మా టీచరమ్మకి హామీ ఏంది మేడమ్, ఆమే నాకు హామీ" అంటూనే సంతకం పెట్టాడు. ఆ మాట ఆ అమ్మాయి కూడా వింది, నాకది చాలు.

షెల్టర్ నుంచి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు పది నిమిషాల్లో వెళ్ళిపోయారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ లిఫ్ట్‌లో కుక్క వద్దన్నాడు. మెజారిటీ తీర్మానం చేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ వద్దనకూడదు అని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింట్ తీసి చేతిలో పెట్టాను. మళ్ళీ మాట్లాడలేదు. మీరూ వాదన పెట్టుకోకండి, కాగితం ఇవ్వండి.

తెచ్చుకున్నాక ముందు రక్తపరీక్ష చేయించండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, పైకి కాస్త నీరసంగా ఉన్నట్టే కనిపిస్తుంది. వయసైనవాటికి కిడ్నీ పరీక్ష కూడా కావాలి. మన ఊళ్ళో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, ఎవరో చెప్పిన మందులు వేయకుండా అక్కడికే తీసుకెళ్ళండి. గౌరి కళ్ళల్లో నీలిపొర చూసి శుక్లమేమో అని భయపడ్డాను. వయసుతో వచ్చేదే, చూపుకి పెద్దగా అడ్డురాదన్నారు డాక్టరుగారు. గ్రానైట్ నేల మీద కాళ్ళు జారుతుంటే గోనెపట్టాలు పరిచాను, ఇప్పుడు వంటింటిదాకా ధైర్యంగా వస్తోంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, లడ్డు. కొండకి వెళ్ళొచ్చినవాళ్ళంతా ప్రేమగా దీనికీ ఓ ముక్క పెట్టబోతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది. ప్రసాదం వద్దంటే నొచ్చుకుంటారు కాబట్టి రెండు చేతులా కళ్ళకద్దుకుని తీసుకుని నేనే తింటున్నాను. గౌరికి మాత్రం పెరుగన్నం.

ఆ హామీ సంతకం నిబంధన తీసేయమని, లేదంటే వయసుతో పని లేకుండా అందరికీ పెట్టమని షెల్టర్‌కి ఉత్తరం రాసిచ్చాను. మీటింగ్‌లో చర్చిస్తామన్నారు. జవాబు రాకపోతే మళ్ళీ వెళ్ళి అడుగుతాను, ఈసారి గౌరిని కూడా తీసుకెళ్తాను.