నెట్ నుంచి స్టెమ్ సెల్ ల్యాబ్ దాకా: నా ప్రిపరేషన్ అనుభవం

ఫ్రెండ్స్, బెంగళూరులో పీహెచ్‌డీ సీటు ఖాయమైంది. రక్తం తయారుచేసే స్టెమ్ సెల్స్ మీద, జీన్ ఎడిటింగ్ మీద పనిచేసే ల్యాబ్. మెయిల్ వచ్చిన దగ్గర్నుంచి అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేస్తూనే ఉంది. లైఫ్ సైన్సెస్ నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి, రీసెర్చ్ ఫెలోషిప్‌కి అర్హత పరీక్ష) రాసి రీజనరేటివ్ మెడిసిన్ (దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేసే వైద్యం) వైపు వెళ్దామనుకుంటున్న వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ప్యాటర్న్ మీకు తెలిసిందే, కాబట్టి నేరుగా పార్ట్ సీకి వస్తా. 75 ప్రశ్నల్లో 25కి జవాబు రాయాలి, ఒక్కోదానికి 4 మార్కులు. మొత్తం 200 మార్కుల్లో సగం అక్కడే ఉంది. అంతకుముందు రాసినప్పుడు నాకు లెక్చరర్‌షిప్ వచ్చింది, జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. "అదైనా వచ్చిందిగా, ఏదో కాలేజీలో చేరిపో" అని అందరూ సలహా ఇచ్చారు. నాకు కావలసింది ల్యాబ్, అందుకే చేరలేదు.

మలుపు తిరిగింది జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2006 పేపర్ దగ్గర. మామూలు కణాన్ని నాలుగు జీన్లతో స్టెమ్ సెల్‌గా మార్చిన ప్రయోగం అది. ఆక్ట్3/4, సాక్స్2, కేఎల్ఎఫ్4, సీ-మిక్ అని మనందరికీ నోటికి వచ్చు. కానీ 24 జీన్లతో మొదలుపెట్టి నాలుగింటికి ఎలా వచ్చారు? ఆ పేపర్ ప్రింట్ తీసుకుని ఉస్మానియా లైబ్రరీలో కూర్చున్నా. ఎఫ్‌బీఎక్స్15 అనే జీన్ ఈఎస్ సెల్స్‌లో (పిండం నుంచి తీసిన స్టెమ్ సెల్స్) పనిచేస్తుంది, ఫైబ్రోబ్లాస్ట్‌లో (చర్మం లాంటి చోట్ల ఉండే మామూలు కణం) పనిచేయదు. ఎలుక కణాల్లో సరిగ్గా ఆ జీన్ ఉన్న చోట జీ418 అనే మందును తట్టుకునే జీన్ పెట్టారు. మందు పోస్తే మామూలు ఫైబ్రోబ్లాస్ట్ చచ్చిపోతుంది, ఈఎస్ లక్షణం వచ్చిన కణం మాత్రం బతుకుతుంది. ఒక్కో జీన్ విడిగా ఇస్తే ఒక్క కాలనీ కూడా రాలేదు. 24 కలిపి ఇస్తే వచ్చాయి. తర్వాత ఒక్కోసారి ఒక్కో జీన్ తీసేసి మిగతా 23తో చూశారు. అలా పదికి, అక్కడి నుంచి నాలుగుకి తగ్గించారు. ఆ నాలుగులో ఆక్ట్3/4 గానీ కేఎల్ఎఫ్4 గానీ తీస్తే కాలనీలే లేవు. సాక్స్2 తీస్తే ఏవో కొన్ని. సీ-మిక్ తీస్తే కాలనీలు వచ్చాయి కానీ ఈఎస్ సెల్స్‌లా లేవు, చదునుగా ఉన్నాయి.

ఇది అర్థమయ్యాక పాత పార్ట్ సీ పేపర్లు తీశాను. ఎక్కడ చూసినా ఇదే ఆలోచన. ఇది తీసేస్తే ఏమవుతుంది, అది అదనంగా ఇస్తే ఏమవుతుంది, ఏ కంట్రోల్ లేకపోతే ఈ ఫలితాన్ని నమ్మలేం? అప్పటి నుంచి సిలబస్‌లోని యూనిట్ 5ని (డెవలప్‌మెంటల్ బయాలజీ) ప్రయోగాల వరుసగానే చదివాను. ఉదాహరణకి, టిల్, మెకలక్ అనే శాస్త్రవేత్తలు 1961లో రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు ఎముక మజ్జ కణాలు ఎక్కించి, ప్లీహం మీద వచ్చిన కాలనీలు లెక్కపెట్టారు. కానీ ఒక్కో కాలనీ ఒకే కణం నుంచి పుట్టిందని చూపడానికి 1963లో క్రోమోజోముల మీద రేడియేషన్ వదిలిన గుర్తులు కావలసి వచ్చాయి. "ఇది వాళ్లకెలా తెలిసింది?" అని అడుగుతూ చదివితే మరిచిపోవడం కష్టం. సిగ్నలింగ్, ఇమ్యునాలజీ, యూనిట్ 12లో జీన్ థెరపీ, 13లో మెథడ్స్, అన్నీ ఇలాగే లాగేశా.

కోచింగ్ నోట్సు చదవొద్దని నేననను. కానీ రోజూ ఒక్క ప్రయోగమైనా ఒరిజినల్ పేపర్లో చదవకుండా నిద్రపోకండి. పొద్దున లేవగానే ఫోన్ పట్టుకుంటే ఆ రోజు పోయినట్టే. పండగైనా, పెళ్లైనా ఆ గంట వదలకూడదు. "బయాలజీ పీహెచ్‌డీకి భవిష్యత్తు ఏముంది" అన్న వాళ్లకు నేను ఎదురు చెప్పలేదు, చదువుకున్నాను. జేఆర్ఎఫ్ నెలకు 37,000, పైన హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం). ఇంట్లో చేయి చాచకుండా నాకిష్టమైన పని చేయొచ్చు. జినోమ్ వ్యాలీలో ఉద్యోగం వదులుకున్నందుకు నాకు ఇసుమంత బాధ లేదు.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న క్యాస్‌జెవీ మీద వచ్చింది. సికిల్ సెల్ అనే రక్త జబ్బుకు 2023లో అనుమతి వచ్చిన క్రిస్పర్ (జీన్‌ని కోసి మార్చే పద్ధతి) థెరపీ అది. కడుపులో బిడ్డకు ఉండే ఫీటల్ హిమోగ్లోబిన్‌ని పుట్టాక ఆపేసేది బీసీఎల్11ఏ అనే జీన్. "బీసీఎల్11ఏని మొత్తం ఎందుకు కొట్టేయలేదు?" అని ప్యానెల్‌లోని మేడమ్ అడిగారు. ఆ ప్రొటీన్ స్టెమ్ సెల్‌కీ, బీ కణాలకీ కావాలి మేడమ్, అందుకే ఎర్ర రక్తకణాల వరుసలోనే ఆ జీన్‌ని పెంచే ఎన్‌హాన్సర్ అనే డీఎన్ఏ ముక్కని కోశారు, దాంతో ఫీటల్ హిమోగ్లోబిన్ మళ్లీ పెరుగుతుందని చెప్పా. "మరి ఆదిలాబాద్ పిల్లాడికి ఇది అందుతుందా?" అన్నారు వెంటనే. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఎడిట్ చేసిన కణాలు ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే కీమో మందుతో మజ్జ ఖాళీ చేయాలి, వారాల తరబడి ఆస్పత్రిలో ఉండాలి. అందుకే శరీరంలోనే ఎడిట్ చేసే దారి మీద పనిచేయాలని ఉందన్నాను. ఆ మాట ప్యానెల్ కోసం చెప్పింది కాదు. మన ఏజెన్సీ ఊళ్లలో ఈ జబ్బుతో నొప్పులు పడే పిల్లలున్నారు, వాళ్ల దాకా వెళ్లని థెరపీ నాకు సగం పనిలాగే కనిపిస్తుంది.

ఇంకో ప్రశ్న 2014లో జపాన్‌లో ఐపీఎస్ కణాలతో (యమనాకా పద్ధతిలో తయారుచేసిన స్టెమ్ సెల్స్) చేసిన రెటీనా సర్జరీ మీద. రెండో పేషెంటుకు ఎందుకు ఆపారంటే, ఆ కణాల్లో జన్యు మార్పులు కనిపించాయి. కణాన్ని మందుగా ఇవ్వాలంటే ప్రతి బ్యాచ్‌నీ ఎలా పరీక్షించాలో ఆలోచించుకుని వెళ్లండి.

కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఐసీఎంఆర్, డీబీటీ 2017లో ఇచ్చిన స్టెమ్ సెల్ గైడ్‌లైన్స్ కూడా తప్పకుండా చదవండి. ఆమోదం ఉన్న జబ్బులకు చేసే రక్త స్టెమ్ సెల్ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలని అందులో ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు 2012లో ప్రచురించిన స్లెట్ పద్ధతినీ చూడండి. మంచి కంటిలో నల్లగుడ్డు అంచున స్టెమ్ సెల్స్ ఉన్న చోటు నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో పెంచకుండానే దెబ్బతిన్న కంటి మీద అమర్చే పద్ధతి అది.

పరిశోధన సంస్థలు వెల్లూరు సీఎస్‌సీఆర్, బెంగళూరు ఇన్‌స్టెమ్, మన హైదరాబాద్ సీసీఎంబీ వెబ్‌సైట్లు ఇప్పటి నుంచే చూస్తూ ఉండండి. అప్లికేషన్లన్నీ ఒకేసారి రావు. జేజీబిల్స్ లాంటి పీహెచ్‌డీ ఎంట్రన్స్ పరీక్షలు కూడా రాయండి, నెట్ రిజల్ట్ వచ్చేదాకా ఆగొద్దు.